ఎండోరామాను మళ్లీ విన్నాను: కోపం పోయింది, నిరాశ మాత్రం అలాగే ఉంది

పాతటేపు

వేగంగా, కర్కశంగా సాగే త్రాష్ మెటల్ వాయించే జర్మన్ బృందం క్రియేటర్ 1999లో తెచ్చిన ఆల్బమ్ ‘ఎండోరామా’. అప్పుడే దాన్ని ఒకసారి విని పక్కన పడేశాను. ఒకసారి అనడం కూడా ఎక్కువే, ఆరో పాట దగ్గర ఆపేశాను. క్రియేటర్ అంటే నాకు ‘ప్లెజర్ టు కిల్’ (1986), ‘టెరిబుల్ సర్టెన్టీ’ (1987), ‘ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్’ (1989), ‘కోమా ఆఫ్ సోల్స్’ (1990). ఈ నాలుగూ కంఠతా వచ్చినవాడి ముందు కీబోర్డు తివాచీ పరిచి, దాని మీద బృందం గాయకుడు మిల్లే పెట్రోజా గొంతు సవరించుకుని రాగం తీస్తే ఎలా ఉంటుంది? అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాస్తే ఈ వేదిక పర్యవేక్షకులు ఊరుకోరు.

ఈ వారం పాత పగ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లలో, మొదటి పాట నుంచి చివరి దాకా మూడుసార్లు విన్నాను. కొన్ని ఒప్పుకోవాలి. మిల్లే గానం నేను ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వచ్చినంత అధ్వానంగా లేదు. గోథిక్ బృందం లాక్రిమోసాకు చెందిన టిలో వోల్ఫ్ వచ్చి గొంతు కలిపిన ‘ఎండోరామా’ పాటలో ఇద్దరి గొంతులూ ఒకదాన్నొకటి చెడగొట్టుకోలేదు. గిటారిస్టు టామీ వెటర్లీ సోలోలకు వంక పెట్టలేను.

అయినా మూడోసారి కూడా లోపల ఏదీ కదలలేదు. ఎందుకో ఆలోచించాను. నెమ్మదిగా ఉందని కాదు. ‘కోమా ఆఫ్ సోల్స్’లోనూ నెమ్మదించే చోట్లు ఉన్నాయి, అవి నాకు ప్రాణం. మెత్తగా ఉందని కూడా కాదు. త్రాష్‌లో పాటను నడిపేది రిఫ్, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరస. ఒక రిఫ్ ఏదో అడుగుతుంది, రెండోది ఎదురు చెబుతుంది, మూడోది మధ్యలో దూరి ఇద్దరినీ తోసేస్తుంది. గొంతు ఆ గొడవను పక్కనుంచి కేకేసి చెప్పేదే తప్ప గొడవ దానిది కాదు. ఎండోరామాలో గిటార్ నోరు మూసుకుంది. కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) పట్టి నిలబడి, గాయకుడికి గొడుగు పడుతోంది. చరణం, పల్లవి, చరణం, పల్లవి. నా నిరాశంతా అక్కడే ఉంది.

మీకెలా అనిపిస్తుందో చెప్పండి. పొగిడేవాళ్లూ రండి, కరవను.

నిద్రలేని డ్రమ్స్

గిటార్ సంగతి మీరు చూసుకోండి, నేను డ్రమ్మర్ వెంటోర్ గురించి ఏడుస్తాను. ‘ప్లెజర్ టు కిల్’లో ఆయన చేతులు కాళ్ల కంటే ముందు వెళ్లిపోతాయి, కాళ్లు పరిగెత్తి అందుకుంటాయి. తాళం అక్కడక్కడ జారుతుంది కూడా. జారినా సరే, ఇంకో క్షణంలో మొత్తం కూలిపోతుందేమో అన్న భయమే ఆ ఆల్బమ్‌కు ఊపిరి. పైగా ఆ రోజుల్లో కొన్ని పాటలు ఆయనే పాడేవాడు.

ఎండోరామాలో అదే మనిషి పద్దులు రాసే గుమస్తాలా వాయిస్తాడు. ఒక్క తప్పు లేదు, ఒక్క ఆశ్చర్యమూ లేదు. 1994లో వెళ్లిపోయిన మనిషి 1996లో తిరిగి వచ్చాడని అందరం సంబరపడ్డాం. తీరా వచ్చాక ఆయన చేతికి ఇచ్చిన పని ఇదా?

చీకటిపాట

పొగిడేవాళ్లను రమ్మన్నారు కాబట్టి వచ్చాను.

నేను దిగులు, చీకటి నిండిన గోథిక్ సంగీతం వైపు నుంచి వచ్చిన శ్రోతను. నాకు క్రియేటర్ పరిచయమైందే ఎండోరామాతో. ‘గోల్డెన్ ఏజ్’ మొదలవగానే ఎవరీ బృందం అని వెతికాను. మీరంతా ఒక ఇంటికి వెళ్లి అక్కడ పాత గోడ లేదని బాధపడుతున్నారు, నాకు ఆ గోడ ఉండేదనే తెలియదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా వింటే ఇది మంచి గోథిక్ మెటల్ ఆల్బమ్. ‘ఎవర్‌లాస్టింగ్ ఫ్లేమ్’ వంటి పాట రాయడం తేలికనుకుంటున్నారా?

బృందం పేరు చెరిపేసి వినండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అడ్డగోలు

> బృందం పేరు చెరిపేసి వినండి

చెరిపేశాను. విన్నాను. బాగానే ఉంది. రెండోసారి వినాలనిపించలేదు. పేరు ఉన్నందుకే కదా పాతటేపు గారు మూడుసార్లు విన్నది!

పాతటేపు

అడ్డగోలు గారూ, అక్కడ మీరు నన్ను పట్టేశారు.

ఎడమచేతి గిటార్

ఎండోరామాను ఒంటరిగా బోనులో నిలబెట్టడం అన్యాయం. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1992లో వచ్చిన ‘రిన్యూవల్’తోనే దారి మారింది. ఫ్లోరిడాలోని టాంపాకు వెళ్లి మోరిసౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. డెత్ మెటల్ ఊపు మీద ఉన్న రోజుల్లో ఆ స్టూడియోకు వెళ్లినవాళ్లు ఇంకా వేగంగా, ఇంకా కర్కశంగా తయారై వస్తారని అనుకుంటాం. వీళ్లు ఇండస్ట్రియల్ వాసనతో, బొంగురుపోయిన అరుపుతో, బిగదీసిన రిఫ్‌లతో తిరిగి వచ్చారు. 1995లో ‘కాజ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్’, డ్రమ్స్ మీద విప్లాష్ బృందం నుంచి వచ్చిన జో కాంజెలోసి. 1997లో ‘అవుట్‌కాస్ట్’, గిటార్ మీద కరోనర్ బృందం నుంచి వచ్చిన వెటర్లీ. ఈలోగా మొదటి నుంచీ ఉన్న బేసిస్టు బృందం వదిలి వెళ్లాడు, రికార్డు కంపెనీ నాయిస్ రికార్డ్స్‌తో బంధం తెగింది.

అంటే 1992 నుంచి 1999 దాకా ఒక్క మిల్లే తప్ప మిగతావన్నీ కదులుతూనే ఉన్నాయి. అందులో చివరి మెట్టు ఎండోరామా. మధ్య మెట్లు ఎక్కకుండా నేరుగా పై మెట్టు మీద నిలబెడితే కళ్లు తిరగవా?

పాతటేపు

మెట్లన్నీ ఎక్కాను గిటార్ గారూ, వచ్చిన ఏడాదే ఒక్కొక్కటీ ఎక్కాను. ‘రిన్యూవల్’ మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అందులో రిఫ్ ఉంది. రూపం మారింది, నిర్దయ మిగిలే ఉంది. ‘యూరప్ ఆఫ్టర్ ది రెయిన్’ విని త్రాష్ కాదు పొమ్మంటే నేనే పోట్లాడతాను. ‘అవుట్‌కాస్ట్’లో ‘ఫోబియా’ సరే, మిగతా సగం నెమ్మదిగా నడుస్తూ ఎక్కడికీ చేరదు. ఎండోరామాలో నడక కూడా ఆగింది.

రాగిరేకు

ఈ చర్చలో ఎవరూ చెప్పని మాట చెబుతాను. తొంభైలలో త్రాష్ వాయించడమంటే ఖాళీ హాలులో ఉపన్యాసం ఇవ్వడమే. మెటాలికా 1991లో వేగం తగ్గించి ప్రపంచాన్ని గెలుచుకుంది. 1992లో పాంటెరా వచ్చి బరువంటే ఇలా ఉండాలంది. ఎక్సోడస్ 1992లో ‘ఫోర్స్ ఆఫ్ హ్యాబిట్’ తెచ్చి, ఆ తర్వాత విడిపోయింది. ఓవర్‌కిల్ 1993లో ‘ఐ హియర్ బ్లాక్’ అంటూ బరువు నెత్తికెత్తుకుంది. డిస్ట్రక్షన్ తన గొంతైన ష్మియర్ లేకుండానే దశాబ్దమంతా ఈడ్చింది. సోడమ్ పంక్ వైపు ఒరిగింది. 1998లో స్లేయర్ కూడా ‘డయాబోలస్ ఇన్ మ్యూజికా’లో తీగల శ్రుతి దించి, కాలానికి తగ్గట్టు ఊగింది. స్లేయరే ఊగినప్పుడు ఎసెన్ నగరపు మన క్రియేటర్ కుర్రాళ్లు నిటారుగా నిలబడాలని ఎలా అడుగుతాం?

ఏ ఎండకా గొడుగు పట్టారని తిట్టడం సులువు. ఎండ నెత్తిమీద కొట్టినవాళ్లకు తెలుస్తుంది.

నిద్రలేని డ్రమ్స్

రాగిరేకు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆ గొడుగు ఎవరిది అన్నది ప్రశ్న. 1999లో జర్మనీలో గోథిక్ మెటల్‌కు గిరాకీ ఉంది. అదే ఏడాది పారడైజ్ లాస్ట్ ‘హోస్ట్’తో గిటార్లను దాదాపు అటకెక్కించి కీబోర్డుల వైపు పోయింది. మూన్‌స్పెల్, టియామాట్ అప్పటికే ఆ చీకటి వీధిలో కాపురం పెట్టాయి. ఆ వీధికే చెందిన టిలో వోల్ఫ్‌ను పిలిచి పాడించారు. ఇది మనసు మార్పా, సరుకు మార్పా?

చీకటిపాట

ఒక గాయకుడిని పిలవగానే వ్యాపారమైపోతుందా? లాక్రిమోసా వినేవాళ్లు ఎంతమంది అని మీ లెక్క? డబ్బే కావాలంటే 1999లో టోపీ తిప్పి పెట్టుకుని, ఏడు తీగల గిటార్ పట్టుకుని గెంతాలి, అప్పటి గిరాకీ అది. త్రాష్ అభిమానులు ఉమ్మేస్తారని తెలిసీ, గోథిక్ శ్రోతలు ‘మీరెవరు’ అంటారని తెలిసీ చేశారు. రెంటికీ చెడ్డ రేవడి కావడానికి ఎవరైనా పథకం వేసుకుంటారా?

నిజంగా సరుకు మార్పు చూడాలంటే అదే ఏడాది వచ్చిన మెగాడెత్ ‘రిస్క్’ చూడండి.

అడ్డగోలు

అమ్మయ్య, ‘రిస్క్’ వచ్చింది. ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను. మెటాలికా ‘సెయింట్ యాంగర్’ ఎన్నో స్పందనలో వస్తుందో పందెం కాద్దామా?

రాగిరేకు

‘రిస్క్’ పోలిక సరైనదే. నాష్‌విల్ నిర్మాత డాన్ హఫ్, మైదానంలో జనం కేరింతల కోసమే కట్టినట్టున్న ‘క్రష్ ఎమ్’. సాహసం చేయమన్న మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ మాటే ఆ పేరుకు మూలమని మెగాడెత్ నాయకుడు ముస్టెయిన్ స్వయంగా చెప్పుకున్నాడు. ఎదుటివాడి మాట పట్టుకుని సాహసం చేస్తే అది సాహసమెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ‘రస్ట్ ఇన్ పీస్’ 1990లో, ‘రిస్క్’ 1999లో. తొమ్మిదేళ్లలో అంత దూరం!

అయితే ఒక తేడా. ‘రిస్క్’ వింటే చిరాకేస్తుంది. ఎండోరామా వింటే చిరాకు కూడా రాదు. పాతటేపు గారి బాధ అదేనని నా అనుమానం.

ఎడమచేతి గిటార్

పందెం నేను గెలిపిస్తాను: ‘సెయింట్ యాంగర్’ (2003). డ్రమ్ మీద స్నేర్ తీగలు వదిలేసి డబ్బా మోత, ఒక్క సోలో లేదు, గంటా పావు సాగదీత. అది ఘోరం. కానీ ఆ ఘోరం మీద ఇప్పటికీ పోట్లాడుకుంటున్నాం. ఓటమి కూడా పెద్దగా ఉంటే ఓ అందం. ఎండోరామా ఓటమి మర్యాదస్తుడి ఓటమి.

పర్యవేక్షకులు

మెటాలికా మీద ఈ వేదికలో ఇప్పటికే చాలా చర్చలున్నాయి. ఇక్కడ క్రియేటర్ దగ్గరే ఉండాలని మనవి.

కొత్తశ్రోత

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తప్పుగా అంటే క్షమించండి.

నేను క్రియేటర్‌ను ‘గాడ్స్ ఆఫ్ వయొలెన్స్’తో (2017) మొదలుపెట్టాను. అక్కడి నుంచి వెనక్కి వెళ్తూ ‘ఫాంటమ్ యాంటీక్రైస్ట్’ (2012), ‘ఎనిమీ ఆఫ్ గాడ్’ (2005), ‘వయొలెంట్ రెవల్యూషన్’ (2001) విన్నాను. అన్నీ నచ్చాయి. మీ మాటలు చదివి నేరుగా ‘ప్లెజర్ టు కిల్’కు దూకాను. నిజం చెప్పాలంటే తలనొప్పి వచ్చింది. ఏ వాయిద్యం ఎక్కడుందో తెలియలేదు.

తర్వాత ఎండోరామా పెట్టాను. విచిత్రంగా, నాకు తెలిసిన క్రియేటర్ అందులోనే కనిపించింది. పల్లవిలో అందరూ కలిసి పాడుకునే తీరు, రెండు గిటార్లు జంటగా పైకెత్తే రాగం. ‘వయొలెంట్ రెవల్యూషన్’ను మీరంతా తిరిగి రావడం అంటారు కదా, అది ఎండోరామా నుంచి ముందుకు వేసిన అడుగులా వినిపించింది నాకు. నా చెవిదే తప్పా?

పాతటేపు

కొత్తశ్రోత గారికి స్వాగతం. మీ ప్రశ్నకు వెంటనే జవాబు రాయబోయి ఆగాను. ఈ రాత్రికి ‘వయొలెంట్ రెవల్యూషన్’ విని వస్తాను.

నిద్రలేని డ్రమ్స్

‘ప్లెజర్ టు కిల్’ తలనొప్పి తెప్పించడానికే చేశారు, మందు పనిచేసినట్టే.

ఎడమచేతి గిటార్

మాటల కంటే చేతులు మేలని ఓ పని చేశాను. ‘గోల్డెన్ ఏజ్’, ‘ఫ్యూచర్ కింగ్’, ‘టిరనీ’ తీసుకున్నాను. కార్డులు అవే ఉంచి, అరచేతి అంచుతో తీగలు నొక్కిపట్టి, వేగం దాదాపు రెట్టింపు చేసి, కింది తీగ మీద త్రాష్ పద్ధతిలో చకచకా కొట్టుకుంటూ పోయాను. కీబోర్డు వరసను రెండో గిటార్‌కు ఇచ్చాను.

సగం చోట్ల ఒళ్లు గగుర్పొడిచింది. కీబోర్డు మీద మెత్తగా వినిపించే వరస గిటార్ మీదికి రాగానే, 2001లో గిటారిస్టు సామీ ఉలి-సిర్నియో వచ్చాక వినిపించిన జంట గిటార్ రాగాల్లాగే ఉంది. కొత్తశ్రోత గారి చెవికి తిరుగులేదు. ఆ రాగాల విత్తనం ఇక్కడే పడింది. ‘కోమా ఆఫ్ సోల్స్’లోనూ రాగం ఉంది నిజమే, కానీ అక్కడ అది సోలోల్లో, రిఫ్ సందుల్లో మెరిసి మాయమయ్యేది. పల్లవి మొత్తాన్ని రాగం మీద నిలబెట్టడం వీళ్లు నేర్చుకున్నది ఎండోరామాలోనే.

మిగతా సగం? అక్కడ వేగం పెంచినా, నొక్కినా, కొట్టినా ఏమీ రాలేదు. ఎందుకంటే కింద రిఫ్ లేదు. ఒకే కార్డ్ నాలుగు లెక్కలు మోగుతూ ఉంటుంది, గొంతు దాని మీద నడుస్తుంది. గొంతు తీసేస్తే ఖాళీ నేల. పాతటేపు గారన్న ‘నోరు మూసుకున్న గిటార్’ అక్షరాలా కనిపించింది.

చీకటిపాట

ఖాళీ నేల అనకండి, అది మా శైలిలో చోటు. గొంతుకు, గాలికి వదిలిన చోటు. మీరు దాన్ని రిఫ్‌తో నింపాలనుకుంటారు, ఎందుకంటే మీకు ఖాళీ అంటే భయం.

ఎడమచేతి గిటార్

ఒప్పుకుంటాను, భయమే. కానీ ఆ చోటును నింపే గొంతు కావాలి కదా చీకటిపాట గారూ. మీ శైలిలోని గొప్ప గాయకులకు ఆ చోటులో ఊపిరి వదిలినా పాటవుతుంది. మిల్లే గొంతు కోపానికి పుట్టింది. కోపం తీసేస్తే సరిగ్గానే పాడతాడు. ‘సరిగ్గా’ సరిపోదు, ఆ చోటు పెద్దది.

చీకటిపాట

దీనికి జవాబు ఆలోచించి చెబుతాను. (ఓడిపోయానని కాదు.)

పాతటేపు

విని వచ్చాను. ‘వయొలెంట్ రెవల్యూషన్’ వచ్చిన 2001లో నేను ఎంత సంతోషపడ్డానంటే, ‘రీకాంకరింగ్ ద థ్రోన్’ మొదటి అర నిమిషంలోనే ఎండోరామాను మనసులోంచి తుడిచేశాను. పేరే చెబుతోంది కదా, పోయిన సింహాసనం మళ్లీ గెలుచుకున్నామని. నిర్మాత ఆండీ స్నీప్ చేతిలో గిటార్లు కత్తుల్లా మోగాయి. వాళ్లు తప్పు ఒప్పుకున్నారని, నేను గెలిచానని అనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా అదే నమ్మకం.

రాత్రి కొత్తశ్రోత గారి చెవితో విన్నాను. ‘ది పేట్రియార్క్’ దాటి టైటిల్ పాట పల్లవి వచ్చింది. 1986 నాటి క్రియేటర్ ఆ పల్లవి రాయలేదు, రాయగలిగేదీ కాదు. ‘సర్వెంట్ ఇన్ హెవెన్’లోని ఆ దిగులు రాగం ఎక్కడిది? ఎండోరామాలో పడి ఉన్నదాన్నే తీసుకొచ్చి, దాని కింద మళ్లీ రిఫ్ పెట్టారు. నేను నెత్తిన పెట్టుకున్న ఆల్బమ్, చెత్తబుట్టలో వేసిన ఆల్బమ్ ఒకే తల్లి పిల్లలు. ఇది ఒప్పుకోవడానికి నాకు రాత్రి ఒంటిగంట అయింది.

అయినా ఎండోరామా నాకు నచ్చలేదు. విత్తనం పడిన మట్టికి దండం పెడతాను గానీ ఆ మట్టి తినమంటే తినను.

రాగిరేకు

మంచి మాట. కానీ ఇంకో కోణం ఉంది. కొత్తశ్రోత గారికి నచ్చినవన్నీ చూడండి, 2001 తర్వాతవే. ఆ దారి పోనుపోను నున్నబడింది. ‘గాడ్స్ ఆఫ్ వయొలెన్స్’ జర్మనీ పట్టికలో ఒకటో స్థానం ఎక్కింది, సంతోషమే. కానీ అందులో ప్రతి పల్లవీ పెద్ద ఉత్సవంలో వేలమంది చేతులెత్తి పాడడానికి కొలత తీసి కుట్టినట్టుంటుంది. 2022లో ‘హేట్ ఊబర్ అల్లెస్’ ఇంకా ఎక్కువ. రిఫ్ ఉంది, వేగం ఉంది, ప్రమాదం లేదు. ఎండోరామాకు నిరాశపడ్డవాళ్లు వీటికి ఎందుకు పడరు? రిఫ్ పైపూతగా ఉంటే చాలా?

నిద్రలేని డ్రమ్స్

ఇదిగో, అసలు గాయం మీద ఉప్పు. ‘హోర్డ్స్ ఆఫ్ కేయాస్’ (2009) ఒక్కటి మినహాయించండి. అందరూ ఒకే గదిలో కలిసి వాయించి రికార్డు చేశారు, ఆ చెమట వినిపిస్తుంది. మిగతావాటిలో డ్రమ్స్ ఇస్త్రీ చేసినట్టు ఉంటాయి.

పాతటేపు

రాగిరేకు గారి ప్రశ్న కాస్త గట్టిగానే తగిలింది. నిజం చెప్పాలంటే కొత్త ఆల్బమ్‌లకు నేను నిరాశపడను, ఎందుకంటే వాటి నుంచి పెద్దగా ఏమీ ఆశించను. 1999లో ఆశ ఉండేది. అప్పటికి వాళ్లకు ముప్పై దాటి ఎంతో కాలేదు, నాకు అంతకంటే తక్కువ. ఆ వయసులో మనవాళ్లనుకున్నవాళ్లు మరో గుంపులో నవ్వుతూ కనిపిస్తే పడే మంట వేరు.

అడ్డగోలు

అంటే ఇన్ని స్పందనలూ రిఫ్ గురించి కాదన్నమాట.

పాతటేపు

రిఫ్ గురించే. మీరు నోరు మూసుకోండి, ఎండోరామాలో గిటార్‌లాగా.

చీకటిపాట

ఆలోచించి వచ్చాను. గిటార్ గారు చెప్పిన ‘చోటు పెద్దది’ అన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటిసారి విన్నప్పుడు ఆ గొంతులోని ఇబ్బందే నాకు నచ్చింది. అరవడం మాత్రమే తెలిసిన మనిషి మెల్లగా మాట్లాడే ప్రయత్నం చేస్తే ఎలా ఉంటుందో, అలా. మీకు అది లోపం. నేను అందుకే విన్నాను.

ఎడమచేతి గిటార్

ఇలా చెప్పి ఉంటే మొదటే ఒప్పుకునేవాణ్ని.

కొత్తశ్రోత

నా వల్ల ఇంత చర్చ జరిగినందుకు సంతోషం. ఇప్పుడు సరైన క్రమంలో వినాలని నిర్ణయించుకున్నాను. ‘ఎండ్‌లెస్ పెయిన్’ (1985) నుంచి మొదలుపెట్టాను. ‘ప్లెజర్ టు కిల్’ రెండోసారికి తలనొప్పి కాస్త తగ్గింది, మూడోసారికి డ్రమ్స్ ఎక్కడున్నాయో దొరికాయి. ‘టెరిబుల్ సర్టెన్టీ’ బాగుంది. ‘ఎక్స్‌ట్రీమ్ అగ్రెషన్’ ఇంకా బాగుంది.

‘కోమా ఆఫ్ సోల్స్’ దగ్గర ఆగిపోయాను. నాలుగు రోజులైంది. ‘పీపుల్ ఆఫ్ ద లై’ అయిపోగానే మళ్లీ ‘వెన్ ద సన్ బర్న్స్ రెడ్’కు వెనక్కి వెళ్తున్నాను. ఎండోరామా దాకా రావడానికి ఇంకా చాలా సమయం పట్టేలా ఉంది.

పాతటేపు

తొందరేమీ లేదు. అక్కడే ఉండండి.